గోదాం పెట్టేచోటు ఎంత గట్టి నిర్ణయం?

ఒక బల్లకు నాలుగైదు రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లోంచి ఒక దారం కిందికి వదిలి, కొసన బరువు కట్టండి. పైన దారాలన్నింటినీ కలిపి ఒకే ముడి వేసి వదిలేస్తే, ముడి అటూ ఇటూ జరిగి ఒకచోట ఆగుతుంది. రంధ్రాలు ఊళ్లనీ, బరువులు ఆ ఊళ్లకు కిలోమీటరుకు అయ్యే రవాణా ఖర్చనీ అనుకుంటే, దారాలు రాపిడి లేకుండా జారినప్పుడు ముడి ఆగినచోటే గోదాంకు అతి చౌకైన స్థలం. 1909లో జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ పరిశ్రమల విషయంలో పుస్తకం రాసింది ఇలాంటి ప్రశ్న మీదే.

ఒక బరువు కాస్త పెంచితే ముడి కాస్త జరుగుతుంది. కానీ ఒక బరువు మిగతా వాటి మొత్తాన్ని మించిపోతే, ముడి ఆ రంధ్రం దగ్గరికే వెళ్లి కూర్చుంటుంది. ఇక మిగతా బరువులు కొద్దిగా మారినా కదలదు.

నిజానికి మన చేతిలో ఉండేవి కొన్ని స్థలాలే. కాబట్టి నిర్ణయం కొంచెం కొంచెంగా జరగదు, ఒక హద్దు దాకా అలాగే ఉండి ఒక్కసారిగా మారిపోతుంది. ఒకే గోదాం పెడితే అద్దె, జీతాల వంటి స్థిర ఖర్చు 100, రవాణా 300, మొత్తం 400 అనుకుందాం. రెండు పెడితే 200, 170, మొత్తం 370. రెండే మేలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఖర్చులు ఎంత మారితే ఈ జవాబు తిరగబడుతుందన్నది అసలు ప్రశ్న. రవాణా ఒక్కటే తగ్గితే, సుమారు 23 శాతం దాకా ఢోకా లేదు. స్థిర ఖర్చు ఒక్కటే పెరిగితే 30 శాతం దాకా. రెండూ ఒకే శాతంలో పెరిగితే, ఎంత పెరిగినా జవాబు అదే.

ఈ అంకెలు చూస్తే ధైర్యం వస్తుంది. కానీ స్థిర ఖర్చు 15 శాతం పెరిగి, అదే సమయంలో రవాణా 15 శాతం తగ్గితే? ఒక గోదాంకు 370, రెండింటికి 374.5. జవాబు తారుమారైంది! ఒక్కో ఖర్చునే విడిగా కదిపి చూసి "ఏం ఫర్వాలేదు" అనడం నాకు అందుకే నచ్చదు.

అలాగని టెన్షన్ పడాల్సిన పనీ లేదు. పాత ప్లాన్‌లోనే ఉండిపోతే పోయేది 4.5, అంటే 1.2 శాతం. జవాబు మారడం వేరు, నష్టపోవడం వేరు.

ఏ ఊరికి ఏ గోదాం నుంచి పంపాలన్నది రేపే మార్చుకోవచ్చు, కట్టిన గోదాంను మాత్రం ఎత్తి ఇంకోచోట పెట్టలేం. అందుకే పరీక్షించేటప్పుడు గోదాములను ఉన్నచోటే ఉంచి, కొత్త ఖర్చులకు తగ్గట్టు ఊళ్లను మళ్లీ పంచి, అప్పుడు నష్టం లెక్కేయాలి. లారీ దారి మారిన ప్రతిసారీ నిర్ణయమే మారిందనుకుంటే, గట్టి ప్లాన్ కూడా బలహీనంగా కనిపిస్తుంది.