40 మీటర్ల గీత ఎలా వచ్చింది?

లోతులో ఒక స్కూబా డైవర్ చనిపోయాడన్న వార్త వస్తే చాలు, మర్నాటికల్లా పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. సరదా కోసం సముద్రంలోకి దిగేవాళ్లు ఎంత లోతు వెళ్లవచ్చు? మాల్దీవుల నిబంధన 30 మీటర్లంటుంది. ఈజిప్టులో 40. ఫ్రాన్స్‌లో తగిన అర్హత ఉంటే మామూలు గాలితోనే 60 దాకా దిగవచ్చు. నీళ్లు అవే, ఊపిరితిత్తులు అవే, అంకెలు మాత్రం మూడు. ఎవరికి తోచిన గీత వాళ్లు గీసి అనుభవజ్ఞులను ఆపుతున్నారని ఒక పక్షం విరుచుకుపడుతుంది. ఆ మాటలో కొంత నిజముంది. ఎంతవరకో తేల్చాలంటే నీటి కింద ఊపిరి తీసుకునేందుకు కుస్తో, గాన్యాన్‌లు చేసిన పరికరం దగ్గర మొదలుపెట్టక్కర్లేదు, ఆ కథ అందరికీ తెలిసిందే. 1991కి వెళితే సరిపోతుంది.

అప్పటికే అమెరికాలో శిక్షణ సంస్థల లెక్క కుదురుకుంది. శిక్షణ ముగిశాక ఇచ్చే తొలి అర్హత కార్డుకు 18 మీటర్లు, పై మెట్టుకు 30, మొత్తం వినోద డైవింగ్‌కు హద్దు 130 అడుగులు, అంటే 40 మీటర్లు. ఇది చట్టం కాదు, దాటితే పట్టుకునే పోలీసూ లేడు. న్యూజెర్సీ తీరంలో మునిగిన ఓడల కోసం వెళ్లేవాళ్లు మామూలు గాలి సిలిండర్లతోనే 70 మీటర్లకు దిగేవారని ఆ రంగంలో అందరికీ తెలుసు. 40 దాటాక ఏం చేయాలో పెద్ద సంస్థల పాఠాల్లో ఉండేది కాదు కనుక ఒకరిని చూసి ఒకరు నేర్చుకునేవారు. 1991లో ఆ తీరంలోనే, సుమారు 70 మీటర్ల లోతున, జర్మన్ జలాంతర్గామి యూ-869 బయటపడింది. 1992 ముగిసేలోగా దాని దగ్గర ముగ్గురు డైవర్లు పోయారు. వారిలో ఇద్దరు తండ్రీకొడుకులు.

లోతైన డైవింగ్‌కు ‘టెక్నికల్ డైవింగ్’ అని పేరు పడింది కూడా ఆ రోజుల్లోనే, ఆక్వాకోర్ అనే పత్రిక ద్వారా. వెంటనే రగడ మొదలైంది. 1992 ఆరంభంలో హ్యూస్టన్‌లో జరగాల్సిన డైవింగ్ పరిశ్రమ వార్షిక ప్రదర్శనకు నైట్రాక్స్ నేర్పేవాళ్లు రాకూడదని నిర్వాహకులు నిషేధించారు. నైట్రాక్స్ అంటే మరేమీ కాదు, ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. దాన్ని చేతబడి వాయువని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. విచిత్రమేమిటంటే అది మనిషిని లోతుకు తీసుకుపోయే వాయువే కాదు. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో సుమారు 33 మీటర్లు దాటితే ఆక్సిజన్ విషమయ్యే ప్రమాదం మొదలవుతుంది. లోతులో ఒంట్లోకి చేరే నైట్రోజన్ తగ్గుతుంది కనుక మధ్యస్థ లోతులో ఎక్కువసేపు ఉండవచ్చు, దాని లాభం అంతే. ‘మా గీత దాటే గుంపు’ అన్న అనుమానంతో సంస్థలు కొట్టింది గీతకు లోపలే ఉన్నవాణ్ణి!

నిషేధం నిలవలేదు. 1992లోనే నావీ (NAUI) అనే శిక్షణ సంస్థ నైట్రాక్స్‌ను ఒప్పుకుంది. అన్నిటికంటే పెద్దదైన ప్యాడీ 1996లో దారికొచ్చింది. గీతకు అవతల కూడా బడి వెలిసింది. హీలియం కలిపిన ట్రైమిక్స్, జంట సిలిండర్లు, ఒంట్లో చేరిన వాయువు మెల్లగా బయటపడేందుకు పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో ముందే రాసుకున్న పట్టిక, ఇవన్నీ వేరే చదువయ్యాయి. 40 మీటర్ల అర్థం మారింది అక్కడే. అంతకుముందు అది పెద్దల హితవు. ఆ తర్వాత అది ఒక తరగతి ముగిసి ఇంకో తరగతి మొదలయ్యే చోటు. ‘నాకు అనుభవముంది’ అనేవారు ఆ రెండో తరగతి ఎందుకు చదవలేదో మాత్రం చెప్పరు.

ఇక 40 అనే అంకె సంగతి. అమెరికా నౌకాదళం స్కూబాకు పెట్టుకున్న 130 అడుగుల హద్దే వినోద డైవింగ్‌లోకి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. నౌకాదళం 1950ల నాటి పట్టికలో 60 అడుగుల దగ్గర ఎక్కడా ఆగకుండా పైకి రాగలిగే గడువు 60 నిమిషాలు, 130 అడుగుల దగ్గర 10 నిమిషాలే. గీత ఎవరిదైనా, కింద లెక్క గట్టిదే. 40 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి 5 రెట్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు అక్కడ 100 లీటర్లు పీలుస్తాడు. 200 బార్ల పీడనంతో నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో ఉండేది 2400 లీటర్లు, నిల్వగా 50 బార్లు తీసేస్తే 1800. అడుగున కదలకుండా కూర్చున్నా 18 నిమిషాలు. దిగడానికి, ఎక్కడానికి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి గాలి అందులోంచే రావాలి.

గాలి చాలినా తల చాలదు. 30 మీటర్ల దాకా వచ్చేసరికే నైట్రోజన్ మత్తు చాలామందికి తెలుస్తుంది. 1947 సెప్టెంబరులో టూలాన్ దగ్గర ఫ్రెంచి నౌకాదళ పరిశోధక బృందం ఒక తాడుకు పలకలు కట్టి వేలాడదీసింది. దిగిన డైవర్ ఎంత లోతు వెళ్లాడో ఆ పలక మీద సంతకం చేసి రావాలి. మోరిస్ ఫార్గ్ బాగానే ఉన్నానని తాడు లాగి సైగలు చేస్తూ దిగాడు. ఉన్నట్టుండి సైగలు ఆగిపోయాయి. పైకి లాగేసరికి నోట్లో ఉండాల్సిన గొట్టం ఛాతీ మీద వేలాడుతోంది. సంతకం 120 మీటర్ల పలక మీద దొరికింది.

ఈజిప్టులోని దహబ్ దగ్గర బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గొయ్యి ఈ తగవంతటికీ నిలువెత్తు ఉదాహరణ. అక్కడి రాతి సొరంగం పైకప్పు 50 మీటర్లు దాటాకే వస్తుంది. నీళ్లు తేటగా ఉండి అవతలి వెలుతురు కనిపిస్తుంటే సొరంగం అసలు పొడవుకంటే చాలా పొట్టిగా తోస్తుంది. 40 దాకా వచ్చినవాడికి ఇంకో పదిహేను మీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. ఒంటి సిలిండర్‌తో అలా అనుకున్నవాళ్ల పేర్ల ఫలకాలు ఒడ్డు మీది కొండరాళ్లకు వరసగా ఉన్నాయి.

ఫ్రెంచివాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. వాళ్లది క్లబ్బుల పద్ధతి. మెట్టుమెట్టుగా లోతు అలవాటు చేస్తారు, ఆగి ఆగి పైకి రావడం అక్కడ మామూలు పాఠం. నాలుగు రోజుల కోర్సుతో కార్డు చేతికొచ్చే పద్ధతికి, దీనికి పోలిక లేదు. ఇంట్లో 60కి అర్హుణ్ణైన నన్ను మాల్దీవుల్లో 30 దగ్గర ఆపుతారా అని మార్సెయ్ డైవర్ అడిగితే ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ 2003 నాటి మాల్దీవుల నిబంధనలు లోతు ఒక్కటే కట్టడి చేయలేదు, డికంప్రెషన్ కోసం, అంటే ఒంట్లోని నైట్రోజన్ మెల్లగా బయటపడేందుకు, ఆగాల్సివచ్చే డైవులనే వద్దన్నాయి. మార్సెయ్‌లో బెండ్స్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) వస్తే దానికి చికిత్స చేసే పీడన గది ఉన్న ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. మాల్దీవుల్లో అలాంటి గదులు కొద్ది దీవుల్లోనే ఉన్నాయి. దూరపు పగడపు దీవి నుంచి అక్కడికి చేరాలంటే పడవో, నీటి విమానమో దొరకాలి. చీకటి పడ్డాక ఆ విమానాలు ఎగరవు.