టారో బొమ్మలకు ఆ ఆకర్షణ ఎక్కడిది?

ఎర్రని అంగీ తొడుక్కున్న ఒక మనిషి, చేతికర్ర ఊతంగా, మనకు వీపు చూపిస్తూ కొండల వైపు నడిచి వెళ్లిపోతుంటాడు. అతను విడిచి వెళ్తున్న చోట ఎనిమిది పాత్రలు పేర్చి ఉంటాయి. కింది వరుసలో ఐదు, పై వరుసలో మూడు. పై వరుసలో ఇంకొకటి పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. ఆకాశంలో చంద్రుడు తల వంచుకుని ఉంటాడు. జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల పేకముక్కల కట్ట టారో. అందులోని ఈ 'ఎనిమిది పాత్రల' ముక్కను మొదటిసారి చూసినవారికి కూడా దాని భావం ఒకరు విడమరిచి చెప్పనక్కరలేదు. జాతకాల మీద ఏమాత్రం నమ్మకం లేనివారు సైతం ఒక టారో కట్ట కొని దాచుకుంటున్నారంటే అందుకు ఇలాంటి బొమ్మలే కారణం. అయితే ఈ ఆకర్షణ ఏదో ప్రాచీన రహస్య విద్య నుంచి సంక్రమించిందన్న ప్రచారం ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ బొమ్మలను నిజంగా గీసిన చేతుల చరిత్ర దాని చాటున చాలాకాలం మరుగున పడి ఉండిపోయింది.

ఆ చరిత్ర జోస్యంతో కాక పేకాటతో మొదలవుతుంది. పేకముక్కలు 1370ల నాటికి ఈజిప్టు, సిరియాలను ఏలిన మామ్లూక్ సుల్తానుల ప్రాంతాల నుంచి ఐరోపా చేరాయి. మన పేకలోని ఇస్పేటు, ఆఠీను లాగా, పాత్రలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు అనే నాలుగు రంగులు ఆ ముక్కల్లో ఉండేవి. పోలో ఆట తెలియని ఐరోపావాసుల చేతుల్లో ఆ నాలుగోది మామూలు దుడ్డుకర్రగా మారింది. 1440ల నాటికి ఉత్తర ఇటలీ ఆస్థానాల్లో ఈ నాలుగు రంగులకు తోడుగా 22 బొమ్మల ముక్కలు వచ్చి చేరాయి. ఒక్కో రంగుకు 14 చొప్పున 56, వీటితో కలిపి మొత్తం 78. ఆ బొమ్మల ముక్కలు తురుపుగా పనిచేసేవి, వాటిని 'త్రియోన్ఫీ' అనేవారు. ఫెరారా పాలకుల 1442 నాటి జమాఖర్చుల్లో వీటికోసం చేసిన చెల్లింపు నమోదై ఉంది.

ఆ తొలినాటి కట్టల్లో మిలాన్ ప్రభువుల కోసం తయారైన విస్కొంతి-స్ఫోర్జా కట్ట ఇప్పటికీ 74 ముక్కలతో మిగిలి ఉంది. న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో కొన్ని, బెర్గామోలోని కరారా చిత్రశాలలో కొన్ని, ఒక కుటుంబం దగ్గర మరికొన్ని ఉన్నాయి. వాటిని బొనిఫాచో బెంబో గీశాడని పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు. బంగారు రేకు పరిచి, దాని మీద సన్నని నగిషీ అద్ది, ఆపైన రంగులు వేసిన ఆ ముక్కలు ఆట వస్తువుల కన్నా పూజామందిరపు చిత్రాలను ఎక్కువ గుర్తుచేస్తాయి.

ఈ ముక్కల మీది సంకేతాలు ఆనాటి ఇటలీ జనానికి నిత్యం కనిపించేవే. ఒంటికాలితో తలకిందులుగా వేలాడే మనిషి ముక్కనే చూడండి. ద్రోహులనూ అప్పు ఎగ్గొట్టినవారినీ అవమానించడానికి ఇటలీ నగరాల్లో వాళ్ల బొమ్మలను ఇలా తలకిందులుగా గోడల మీద గీయించేవారు. మిలాన్ పాలకుడు ఫ్రాంచెస్కో స్ఫోర్జా తండ్రికే ఆ పరాభవం జరిగింది. ఆనాటివారు ఈ ముక్కను 'ద్రోహి' అనే పిలిచేవారు. అయినా మిలాన్ కట్టలో ఆ కుర్రవాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది. శిక్షకూ ఆ ముఖానికీ మధ్య ఉన్న ఈ పొసగనితనమే తర్వాతి తరాలను ఆ బొమ్మ ముందు ఆపిందని నాకనిపిస్తుంది.

తర్వాత ఆట ఫ్రాన్సుకు పాకింది, చెక్క అచ్చులతో ముద్రణ మొదలైంది. మార్సెయ్ పద్ధతి కట్టల్లోని మందపాటి గీతలు, నాలుగైదు రంగులు ఈనాటికీ చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటిలో అంకెల ముక్కల మీద కత్తులూ కర్రలూ లెక్క ప్రకారం అమర్చి ఉంటాయే తప్ప కథ ఉండదు.

1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు టారో ప్రాచీన ఈజిప్టు పురోహితుల జ్ఞానభాండారమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ ఛేదించడానికి అప్పటికింకా నాలుగు దశాబ్దాలు ఉంది కనుక ఆ మాటను పరీక్షించే దారి ఎవరికీ లేకపోయింది. కొద్ది సంవత్సరాల్లోనే ఎత్తెయ్యా అనే కలం పేరుగల వ్యక్తి ముక్కలతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు, ఆ పని కోసమే ఒక కట్టను కూడా తయారు చేయించాడు. 1850లలో ఎలిఫస్ లెవీ 22 తురుపు ముక్కలను 22 హీబ్రూ అక్షరాలతో ముడిపెట్టాడు. చారిత్రక ఆధారంలేని ఈ ఊహలను పక్కకు నెట్టేయాలని నాకూ అనిపిస్తుంది. కాని అవే లేకపోతే తర్వాతి చిత్రకారులకు ఇంతటి సంకేత సామగ్రి చేతికి అందేది కాదు.

ఆ సామగ్రిని అందుకున్న చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్. 1878లో లండన్‌లో పుట్టి, బాల్యంలో కొంతకాలం జమైకాలో గడిపి, బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాసంస్థలో చిత్రకళ నేర్చుకున్న ఆమె, లండన్ లైసియం నాటకశాల బృందంతో కలిసి పనిచేసింది. న్యూయార్క్‌లో ఫొటోలకే పరిమితమైన తన ప్రదర్శనశాలలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1907లో తొలిసారిగా చిత్రాలకు చోటిచ్చినప్పుడు అవి ఈమెవే. గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో పరిచయమైన రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కోరగా 1909లో కొద్ది నెలల్లోనే ఆమె కట్ట మొత్తం గీసింది. పని చాలా పెద్దది, ముట్టింది చాలా తక్కువ అని స్టీగ్లిట్జ్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. ఆ ఏడాది చివర్లో లండన్‌లోని రైడర్ సంస్థ దాన్ని ప్రచురించింది.

22 ముక్కల విషయంలో వెయిట్ వివరంగా సూచనలిచ్చాడనీ, మిగిలిన 56 ముక్కల్లో ఆమెకు చాలావరకు స్వేచ్ఛ దొరికిందనీ పరిశోధకులు భావిస్తారు. ఆమె చేసిన పెద్ద మార్పు కూడా అక్కడే ఉంది: లెక్కకు మాత్రమే పనికొచ్చిన అంకెల ముక్కలన్నిటికీ ఆమె మనుషులనూ దృశ్యాలనూ ఇచ్చింది. దీనికి ముందు అలాంటి ప్రయత్నం జరగకపోలేదు. 15వ శతాబ్దపు చివరినాటి సోలా బుస్కా కట్టలో 78 ముక్కలకూ బొమ్మలున్నాయి, వాటి ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మూడు కత్తులు దిగిన గుండె బొమ్మ రెండు కట్టల్లోనూ ఉండడం చూస్తే ఆమె వాటిని చూసిందనే అనుకోవాలి. అయితే ఆ గుండె వెనుక మబ్బులు కమ్మించి వాన కురిపించింది మాత్రం స్మిత్.

నాటకరంగపు అనుభవం ఆమె బొమ్మల్లో స్పష్టంగా తెలుస్తుంది. చాలా ముక్కల్లో మనుషులు రంగస్థలం లాంటి చదునైన నేల మీద నిలబడి ఉంటారు, వెనుక తెరలాగా దృశ్యం పరుచుకుని ఉంటుంది. మనిషి మెడ ఎటు వాలింది, చేయి దేన్ని పట్టుకుంది, చూపు ఎక్కడ ఆగింది అన్నవే కథ చెప్పేస్తాయి. వేలాడే మనిషి ఆమె కట్టలోనూ అదే భంగిమలో ఉన్నాడు. కాని ఉరికొయ్యకు ఆకులు చిగురించాయి, అతని తల చుట్టూ కాంతివలయం వచ్చింది. పరాభవ చిత్రంగా మొదలైన బొమ్మ ఇక్కడికి వచ్చేసరికి తపస్సుగా మారిపోయింది.

ఇంత చేసిన మనిషి పేరు ఆ కట్టకు దక్కలేదు. ప్రచురణకర్త పేరూ వెయిట్ పేరూ కలిపి 'రైడర్-వెయిట్' అన్నదే దశాబ్దాల పాటు వాడుకలో నిలిచింది. స్మిత్ 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ పట్టణంలో పేదరికంలోనే కన్నుమూసింది. ఆ కట్ట 1970ల నుంచి విస్తారంగా అమ్ముడుపోయింది, దాన్ని అనుసరించి కొత్త కట్టలు లెక్కలేనన్ని వచ్చాయి. శతవార్షికోత్సవ సందర్భంగా 2009లో వచ్చిన కట్టకు స్మిత్ పేరు ముందుపెట్టి 'స్మిత్-వెయిట్' అన్నారు. ఇప్పుడు రాసేవారు చాలామంది మూడు పేర్లూ కలిపి 'రైడర్-వెయిట్-స్మిత్' అంటున్నారు. పెట్టె మీద ఆ పేరు లేని కాలంలో కూడా ముక్కల మీద, బొమ్మ కింది మూలన, మెలికలు తిరిగిన తీగలాగా అల్లుకున్న మూడు అక్షరాలు అచ్చవుతూనే వచ్చాయి. అవి ఆమె పొడి అక్షరాలు.