జపాన్ కళ ఎవరి కళ్ల కోసం? విదేశీ ప్రదర్శనల వెనుక నూట యాభై ఏళ్లు

జపాన్ కళాకారుల కొత్త సృష్టిని విదేశాల్లో ప్రదర్శనకు పెట్టిన ప్రతిసారీ ఒక పాత తగవు మళ్లీ పైకి వస్తుంది. ఆ కళ యూరప్, అమెరికాల ఆధునిక కళను పోలి ఉంటే అనుకరణ అని పక్కన పెడతారు; పోలి లేకపోతే అందులో జెన్ బౌద్ధాన్నీ, రాళ్ల తోటనూ, టీ గదినీ వెతుకుతారు. ఈ రెండు చూపుల మధ్య కళాకారుడు నిజంగా ఏం చేశాడన్నది కనబడకుండా పోతుంది. ఏ కళాకృతులు సముద్రం దాటాలి, వాటిని ఎవరు ఎంచాలి, ఏ పేరు పెట్టి చూపించాలి అన్న ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవి కావు. జపాన్ భాషలో 'కళ' అన్న మాటకు ఎంత వయసుందో వీటికీ అంతే వయసుంది.

ఆ మాట 'బిజుత్సు'. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జపాన్ ప్రభుత్వం వస్తువులు పంపదలచి, అక్కడి నిబంధనలను జర్మన్ నుంచి అనువదించినప్పుడు, చిత్రలేఖనాన్నీ శిల్పాన్నీ కలిపి చెప్పే మాట చేతిలో లేక దీన్ని కల్పించుకోవలసి వచ్చింది. అంతకు ముందు జపాన్‌లో గొప్ప చిత్రకారులు లేరని కాదు. తెర మీద బొమ్మనూ, లక్క పెట్టెనూ, కత్తి ఒరనూ వేరువేరు వర్గాల్లో పెట్టి, ఒకదాన్ని 'కళ' అనీ మరొకదాన్ని 'వృత్తిపని' అనీ పిలిచే అలవాటు లేదు. అంటే విదేశీ ప్రేక్షకుడి ముందు నిలబడవలసిన అవసరమే ఆ దేశంలో కళ అనే విభాగానికి పేరు పెట్టింది. తర్వాతి కథ అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

ఆనాటి సమకాలీన జపాన్ చిత్రకళ చేరిన విదేశీ నగరాల్లో మన కలకత్తా ఒకటి. జపాన్ కళా విమర్శకుడు ఒకాకురా తెన్షిన్ అక్కడికి వచ్చి వెళ్లిన తర్వాత, 1903లో యువ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో టాగూర్ కుటుంబం ఆతిథ్యంలో అక్కడ కొంత కాలం గడిపారు. తైకాన్ తడి కుంచెతో కాగితాన్ని నీటితో పలుచగా తడపడం చూసిన అవనీంద్రనాథ్ టాగూర్, తన బొమ్మను మొత్తంగా నీటిలో ముంచి రంగును పొరలు పొరలుగా ఇంకించే 'వాష్' పద్ధతిని రూపొందించుకున్నారు. ఆ పద్ధతి బెంగాల్ శైలికి గుర్తుగా మారి, ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యులే. ఇక్కడ చూసినవారు 'ఇది జపాన్ కళేనా' అని తీర్పు చెప్పడం కన్నా, అందులో తమకు కావలసినదాన్ని తీసుకుని తమ పనిలో కలుపుకున్నారు. తర్వాతి కాలంలో న్యూయార్క్, పారిస్‌లలో ఇలాంటి చూపు చాలా అరుదుగా దొరికింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌కు విదేశీ ప్రదర్శన అంటే ప్రపంచ దేశాల వరసలో తిరిగి కూర్చోవడం కూడా. రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనలైన బియెనాలేల్లో, 1951లో బ్రెజిల్ నగరం సావొ పావులోలోనూ, 1952లో వెనిస్‌లోనూ ఆ దేశం పాల్గొంది. అయితే 1953లో ప్రభుత్వం స్వయంగా అమెరికాకు పంపిన పెద్ద ప్రదర్శనలో ఉన్నవి పాత చిత్రాలు, బౌద్ధ శిల్పాలు. పరువు నిలబెట్టే బాధ్యతను పూర్వీకుల మీద పెట్టడం అప్పటి అధికారులకు సురక్షితమనిపించి ఉండవచ్చు. 1956లో వెనిస్‌లో తకామాసా యోషిజాకా రూపకల్పన చేసిన జపాన్ మండపం, అంటే బియెనాలేలో ఆ దేశపు సొంత ప్రదర్శనశాల, తెరుచుకుంది. దాని నిర్మాణానికి బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కంపెనీ స్థాపకుడు షోజిరో ఇషిబాషి విరాళం ఇచ్చారు. అదే ఏడు అక్కడ అచ్చు చిత్రాల విభాగంలో అత్యున్నత బహుమతి షికో మునకాతాకు వచ్చింది. చూపు బాగా తక్కువైన మునకాతా చెక్కపలక మీదికి ముక్కు తగిలేంతగా వంగి ఉలి నడిపేవారు. బుద్ధుడి పదిమంది శిష్యులను నలుపు తెలుపుల్లో చెక్కిన ఆ అచ్చుల బలం కాదనలేనిది. అయినా బౌద్ధ విషయం, చెక్క అచ్చు, చేతిపని అన్నీ కలిసి విదేశీ ప్రేక్షకులు జపాన్ నుంచి ఆశించినదానికి సరిగ్గా అమరాయన్నది కూడా నిజమే.

అలా అమరని కళకు ఏం జరిగిందో గుటాయ్ చరిత్ర చెబుతుంది. ఒసాకా పక్కనున్న అషియాలో 1954లో వంటనూనెల వ్యాపారి, చిత్రకారుడు జిరో యోషిహారా ఈ బృందాన్ని మొదలుపెట్టారు. ఇంతవరకు ఎవరూ చేయనిది చేయమన్నదే ఆయన శిష్యులకు పెట్టిన నియమం. కజువో షిరాగా తాడు పట్టుకుని వేలాడుతూ పాదాలతో రంగును తొక్కి చిత్రాలు వేశారు. సబురో మురకామి వరసగా నిలబెట్టిన కాగితపు తెరలను ఒంటితో చీల్చుకుంటూ పరుగెత్తారు. అత్సుకో తనాకా రంగులద్దిన విద్యుత్ దీపాలను, వైర్లను దుస్తులుగా కట్టుకుని నిలబడ్డారు. 1956 వేసవిలో అషియా ఉద్యానంలో సదామాసా మొతొనాగా పొడవైన ప్లాస్టిక్ పట్టాలను పైన్ చెట్ల మధ్య ఉయ్యాలల్లా కట్టి, వాటిలో రంగు నీళ్లు పోశారు. నీటి బరువుకు పట్టా కిందికి జారి, ఎండ పడినచోట ఎరుపూ పసుపూ వెలిగేవి.

విదేశాల్లో తమను గుర్తించాలన్న ఆశ యోషిహారాకు మొదటి నుంచీ ఉంది. 'గుటాయ్' పేరుతోనే అచ్చువేసిన పత్రికను ఆయన యూరప్, అమెరికా కళాకారులకు టపాలో పంపేవారు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ చనిపోయాక ఆయన పుస్తకాల మధ్య ఆ సంచికలు దొరికాయి. పారిస్‌లో ఆ పత్రిక చూసిన విమర్శకుడు మిషెల్ తాపియే 1957లో జపాన్ వచ్చారు. మేలూ కీడూ రెండూ ఆ రాకతోనే కలిసి వచ్చాయి. తాపియే వారికి అంతర్జాతీయ వేదిక చూపించారు. కానీ ఆయనకు కావలసినవి చుట్టి ఓడెక్కించగల, గోడకు తగిలించగల, అమ్మగల కాన్వాసులు. చీల్చిన కాగితాన్నీ, చెట్ల మధ్య నీటినీ పెట్టెలో పెట్టి పంపడం కుదరదు. 1958లో న్యూయార్క్‌లోని మార్తా జాక్సన్ గాలరీలో గుటాయ్ ప్రదర్శన తెరిచినప్పుడు అక్కడివారు చూసినవి ప్రధానంగా చిత్రాలే. అవి పొలాక్ తరం అమెరికన్ల పనికి నకళ్లన్న విమర్శ వచ్చింది. నకలు కాదనడానికి సాక్ష్యంగా నిలవగలిగిన పనులన్నీ సముద్రానికి ఇవతలే ఉండిపోయాయి. ప్రదర్శన కోసం చేసిన ఎంపికే ఒక తరం కళాకారులకు అన్యాయం చేయగలదన్నదానికి నాకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ కనబడదు. 1971లో ఢిల్లీలో జరిగిన రెండో భారత త్రైవార్షిక ప్రదర్శనలో యోషిహారాకు స్వర్ణపతకం వచ్చింది; మరుసటి ఏడు ఆయన మరణించాక బృందం చెదిరిపోయింది.

దేశం తరఫున పంపేవారి జాబితాలో చోటు దొరకని కళాకారిణిగా యాయోయి కుసామా కథ మరో రకమైనది. 1957లో అమెరికా వెళ్లిన ఆమె, 1966లో అధికారిక ఆహ్వానం లేకుండానే వెనిస్ బియెనాలే ఆవరణలోని పచ్చిక మీద 1,500 అద్దపు గోళాలను పరిచి, ఒక్కొక్కటి సుమారు రెండు డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. నిర్వాహకులు అమ్మకం ఆపించారు. 1973లో జపాన్ తిరిగి వెళ్లిన కుసామాను అక్కడి కళాలోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1993లో అదే వెనిస్‌లో జపాన్ మండపం మొత్తాన్నీ ఆమె ఒక్కరికే ఇచ్చారు. ఈ రోజు ఆమె అద్దాల గదుల ముందు జనం గంటల తరబడి వరసలో నిలబడతారు. 2017లో వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియంలో ఒక్కో గదిలో సుమారు అర నిమిషమే ఉండనిచ్చారు.

1968 తర్వాత వచ్చిన, మట్టి, రాయి వంటి పదార్థాలను దాదాపు ఉన్నవి ఉన్నట్టే చూపించిన మోనో-హా ఉద్యమ కళాకారులతో ఎదురైన చిక్కు ఇంకా మౌలికమైనది. నోబువో సెకినే కోబేలోని ఒక ఉద్యానంలో 2.7 మీటర్ల లోతు, 2.2 మీటర్ల వెడల్పుతో గుండ్రని గొయ్యి తవ్వించి, ఆ మట్టినే అదే కొలతలో స్తంభంగా పక్కన నిలబెట్టారు. ప్రదర్శన ముగిశాక మట్టిని తిరిగి గొయ్యిలో పూడ్చేశారు. అలాంటి దానిలో విదేశానికి పంపగలిగేది ఆలోచన ఒక్కటే. ఆ ఉద్యమానికి సిద్ధాంతం సమకూర్చిన లీ ఉఫాన్ కొరియాలో పుట్టి, ఇరవయ్యో ఏట జపాన్ చేరినవారు. మరి ఆయన పనిని 'జపాన్ కళ' అనాలా అన్న ప్రశ్నకు దేశాల పేర్లతో నడిచే ప్రదర్శనల దగ్గర నేటికీ సరైన జవాబు లేదు.

1972లో ప్రభుత్వం జపాన్ ఫౌండేషన్‌ను స్థాపించింది. వెనిస్ మండపం బాధ్యత కొన్నేళ్లకు దాని చేతికే వచ్చింది. 1986లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ 1910 నుంచి 1970 వరకు జపాన్ నవ్యకళను ఒకచోట చూపించింది. తనాకా విద్యుత్ దుస్తును ఆ సందర్భంలోనే మళ్లీ తయారుచేశారు. ఆ మరుసటి మార్చిలో ఒక జపాన్ బీమా కంపెనీ వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రాన్ని దాదాపు 4 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రపంచ పత్రికలు జపాన్‌ను కళను కొనే దేశంగానే వర్ణించాయి. కళను పుట్టించే దేశంగా దాన్ని చూపిన పారిస్ ప్రదర్శన సంగతి అంత దూరం వెళ్లలేదు. 1989లో అమెరికాలో తిరిగిన ప్రదర్శనకు 'ప్రకృతికి ఎదురుగా' అనే అర్థంలో పేరు పెట్టడం, జపాన్‌వారంటే ప్రకృతితో మమేకమైనవారన్న నమ్మకానికి సూటి జవాబు. 1994లో ప్రదర్శన నిర్వాహకురాలు అలెగ్జాండ్రా మన్రో యొకొహామా నుంచి న్యూయార్క్‌కు తీసుకొచ్చిన యుద్ధానంతర కళా ప్రదర్శన, దానితో వచ్చిన గ్రంథం, అనువాదాలు విమర్శకులకు మొదటిసారి గట్టి ఆధారాలిచ్చాయి. ప్రదర్శన మూసేశాక కూడా చదువుకోవడానికి మిగిలే ఇలాంటి పనికి రావలసినంత గుర్తింపు రాదు.

విదేశీయుల అంచనానే ముడిసరుకుగా మార్చుకున్నవారు తకాషి మురకామి. నిహోంగా అనే జపాన్ సంప్రదాయ చిత్రణలో డాక్టరేట్ పొందిన ఆయన, 'ఎదో' అని పిలిచే పదిహేడు నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా సాగిన కాలపు తెరల్లోని చదునుదనాన్నీ నేటి కార్టూన్ బొమ్మల చదునుదనాన్నీ ఒకే దారంలో గుచ్చి 'సూపర్‌ఫ్లాట్' అన్నారు. 2001లో దాన్ని లాస్ ఏంజెలెస్‌కు తీసుకెళ్లారు. 2005లో న్యూయార్క్ జపాన్ సొసైటీలో ఆయన రూపొందించిన ప్రదర్శనకు హిరోషిమా మీద పడిన బాంబు పేరే, 'లిటిల్ బాయ్' అని పెట్టారు. ముద్దులొలికే బొమ్మల వెనుక యుద్ధంలో ఓటమి, అమెరికా మీద ఆశ్రితత్వం ఉన్నాయన్నది ఆయన వాదన. ఎందరో ప్రేక్షకులు ముద్దు బొమ్మల దగ్గరే ఆగిపోయారు.

2013లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం గుటాయ్‌కు పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, మొతొనాగా నీటి పట్టాలు ఆ గుండ్రని భవనం మధ్య ఖాళీలో ఒక వైపు నుంచి మరొక వైపుకు వేలాడాయి. 1958లో రాలేకపోయినవి యాభై ఐదేళ్ల తర్వాత అదే నగరానికి వచ్చాయి. మొతొనాగా అంతకు రెండేళ్ల ముందే మరణించారు.

ఎవరు ఎంచాలన్న ప్రశ్న మాత్రం తీరలేదు. 2019లో జపాన్, ఆస్ట్రియా స్నేహ సంబంధాల 150 ఏళ్ల సందర్భంగా వియన్నాలో జరిగిన సమకాలీన జపాన్ కళా ప్రదర్శనలో ఫుకుషిమా అణు ప్రమాదాన్నీ, ప్రభుత్వ తీరునూ విమర్శించే కృతులు ఉన్నాయి. ప్రదర్శన సాగుతుండగానే జపాన్ రాయబార కార్యాలయం తాను ఇచ్చిన అధికారిక గుర్తింపును వెనక్కి తీసుకుంది. 'బిజుత్సు' అన్న మాట పుట్టడానికి కారణమైన నగరంలోనే, గుర్తింపు పోయిన కృతులు గోడల మీద అలాగే ఉన్నాయి. జనం వచ్చి చూశారు.