ట్రాక్ ట్యూబ్ ఎందుకు మూసుకుపోతోంది? కొవిడ్ నాటి ఫిల్టర్ ఇంకా దిగలేదు

వేసవి వచ్చిందంటే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఐసీయూల్లో పాత పంచాయితీ ఒకటి మళ్లీ లేస్తుంది. ట్రాకియోస్టమీ చేసి, అంటే మెడ ముందు రంధ్రం పెట్టి శ్వాసనాళంలోకి ట్రాక్ ట్యూబ్ దించి, వెంటిలేటర్ మీద పెట్టిన మనిషికి ఉన్నట్టుండి ఊపిరి ఆడదు. ట్యూబ్ తీసి చూస్తే లోపల ఎండి పెచ్చుకట్టిన తెమడ. తెమడను పీల్చి తీసే సక్షన్ సరిగా చేయలేదని బంధువులు, జబ్బే అలాంటిదని ఆస్పత్రి. లోపలికి పోయే గాలికి తేమ ఎక్కడి నుంచి అందిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి గాలి 37 డిగ్రీల వేడితో, లీటరుకు 44 మిల్లీగ్రాముల ఆవిరితో ఉండాలి. ముక్కు, గొంతు చేసే ఈ పని ట్రాక్ ట్యూబ్ పెట్టగానే ఆగిపోతుంది. పైప్‌లైన్ ఆక్సిజన్‌లో తేమ దాదాపు సున్నా. దీనికి రెండు పరికరాలు వచ్చాయి. ఒకటి, 1960 ప్రాంతంలో స్వీడన్‌లో పుట్టిన 'కృత్రిమ ముక్కు', ఇప్పటి హెచ్ఎంఈ (హీట్ అండ్ మాయిశ్చర్ ఎక్స్చేంజర్). వదిలిన ఊపిరిలోని తేమను పట్టి ఉంచి, మళ్లీ పీల్చినప్పుడు తిరిగిస్తుంది. రెండోది నీళ్లను వేడిచేసే హీటెడ్ హ్యూమిడిఫయర్. పండ్లు నిల్వచేసే గాజు సీసాతో న్యూజిలాండ్‌లో చేసిన నమూనా 1970ల్లో మార్కెట్‌కు వచ్చింది.

అసలు మలుపు 2020. వైరస్ గాల్లోకి రాకూడదని హెచ్ఎంఈ ఫిల్టర్లు బిగించి, హీటెడ్ హ్యూమిడిఫయర్లను పక్కన పెట్టారు. అప్పటికి అది సబబే. ట్యూబులు మూసుకుపోతున్నాయని విదేశాల డాక్టర్లు అదే ఏడాది రాయడం మొదలుపెట్టారు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆక్సిజన్ సీసాల్లోని కుళాయి నీళ్ల మీదికి అనుమానం పోయింది. స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్ పెద్ద కారణాలని తేలినా, నీళ్లంటే బెరుకు మిగిలిపోయింది. గోడ ఫ్లోమీటర్ కింద బుడగలొచ్చే సీసా వేరు, హీటెడ్ హ్యూమిడిఫయర్ వేరు అన్న తేడా ఆ గోలలో కొట్టుకుపోయింది. కొవిడ్ పోయింది, ఫిల్టర్ ఉండిపోయింది. కరెంటు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, చవక.

హెచ్ఎంఈ చాలన్న ఆస్పత్రుల వాదనకూ ఆధారం లేకపోలేదు. ట్యూబ్ మూసుకుపోవడంలో, న్యుమోనియాలో ఈ రెండు పరికరాలకూ స్పష్టమైన తేడా కనిపించలేదని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష చెప్పింది. ఆ రుజువుల నాణ్యత తక్కువని కూడా అదే సమీక్ష అన్నది.

కానీ హెచ్ఎంఈ ఎవరికి పెట్టకూడదో అమెరికా రెస్పిరేటరీ కేర్ సంఘం 2012లోనే రాసిపెట్టింది. తెమడ చిక్కగా, ఎక్కువగా, నెత్తురుతో వచ్చేవాళ్లకు వద్దు. నిమిషానికి 10 లీటర్లకు మించి గాలి ఆడేవాళ్లకు వద్దు. ఒళ్లు 32 డిగ్రీల కన్నా చల్లబడితే వద్దు. కఫ్ (గాలి పక్క నుంచి పోకుండా ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగ) లీకై, పంపిన గాలిలో 70 శాతం కూడా వెనక్కి రాకపోతే అసలే వద్దు. ఊపిరే తిరిగిరాకపోతే అది పట్టేదేముంది? ఇప్పుడు మన వార్డుల్లో వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి ట్రాక్ దాకా వచ్చేవాళ్లను చూడండి. పురుగుల మందు తాగిన కేసులే ఎన్నో. ఆర్గానోఫాస్ఫేట్ మందు ముందు తెమడను ధారగా తెస్తుంది, తర్వాత విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ దాన్ని ఎండగట్టి బంకలా చేస్తుంది. మొదటి దశలో హెచ్ఎంఈ తడిసి ముద్దవుతుంది, రెండో దశలో అది ఇచ్చే తేమ చాలదు. నెబులైజర్ పెట్టేటప్పుడు దాన్ని తీయడం మరిచినా అంతే: మందు ఫిల్టర్‌లోనే ఆగి, గాలి ఆడదు.

హీటెడ్ హ్యూమిడిఫయర్ పెట్టినంత మాత్రాన కథ ముగియదు. నల్లగొండ బోరు నీళ్లు పోస్తే ఆవిరి పోయి లవణాలు అడుగున తెల్లగా పేరుకుంటాయి. భగీరథ నీళ్లు, ఆర్‌వో క్యాన్ నీళ్లు తాగడానికి మంచివే, స్టెరైల్ మాత్రం కావు. స్టెరైల్ డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంకో చిక్కు మే నెలది. ఏసీ ఆగి గది వేడెక్కి, గది గాలినే లాగి పంపే టర్బైన్ వెంటిలేటర్ నుంచి గాలి కూడా వేడిగానే వస్తుంటే, హ్యూమిడిఫయర్‌లో వేడిని కొలిచే ప్రోబ్ 'వేడి సరిపోయింది' అనుకుని హీటర్‌ను తగ్గిస్తుంది. తెర మీద 37 కనిపిస్తూనే ఉంటుంది. తేమ మాత్రం లీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గరికి పడిపోవచ్చు. హెచ్ఎంఈ ఇవ్వాల్సిన కనీసమే 30.

ట్యూబ్ మూసుకుపోయే ముందు గుర్తులు కనిపిస్తాయి. వెంటిలేటర్ తెర మీద పీక్ ప్రెషర్ (గాలి నెట్టేటప్పటి గరిష్ఠ ఒత్తిడి) పెరుగుతుంది, ప్లాటో ప్రెషర్ (గాలి ఆగినప్పటి ఒత్తిడి) పెరగదు. 8 నంబరు ట్యూబ్‌లో 12 నంబరు సక్షన్ క్యాథెటర్ (తెమడ లాగే సన్న గొట్టం) మధ్యలోనే అడ్డు తగిలి ఆగుతుంది. హెచ్ఎంఈకి, ట్యూబ్‌కి నడుమ ఉన్న గొట్టంలో నీటి బిందువులు కనిపించవు. అప్పుడు సెలైన్ చుక్కలు పోస్తూ కూర్చుంటే తెమడ కరగదు. ఇన్నర్ క్యాన్యులా (ట్రాక్ ట్యూబ్ లోపల తీసి పెట్టగలిగే గొట్టం) ఉంటే తీసి కడిగి, హెచ్ఎంఈ తీసేసి హీటెడ్ హ్యూమిడిఫయర్ పెట్టాలి. రెండూ కలిపి ఎప్పుడూ పెట్టకూడదు, ఫిల్టర్ నీళ్లు తాగి బిగుసుకుంటుంది.

సక్షన్ ఎన్నిసార్లు చేశారో కేస్‌షీట్‌లో గడి ఉంటుంది. తేమ కోసం ఏ పరికరం పెట్టారు, ఎప్పుడు మార్చారు అన్నదానికి చాలాచోట్ల గడే ఉండదు. ఈసారి పంచాయితీ తేలాలంటే ముందుగా ఆస్పత్రి ఆ రెండూ చూపించాలి.