తెలుగు పేరు ప్రశ్నార్థకాలైతే: ఎన్‌కోడింగ్ అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఉల్లి వ్యాపారులకూ కాలేజీలకూ వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టే పని నాది. తెలుగు పేరు చెడితే వచ్చే ఫోన్‌లో మాట ఒకటే: "ఫాంట్ పోయిందన్నా, కొత్తది వేయి." అసలు చూడాల్సింది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా (అంకెలుగా) దాచుకునే పద్ధతి.

అపోహ: తెలుగు కనపడకపోతే ఫాంటే కారణం.

వాస్తవం: ముందు ఏం కనపడుతోందో చూడండి. ఖాళీ డబ్బాలైతే ఫాంట్ లేనట్టు, డేటాకేం కాలేదు. పైన గీతలున్న ఇంగ్లిష్ 'ఎ'లు, డిగ్రీ గుర్తులు వరసగా వస్తుంటే, యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి ఉండే 3 బైట్లను ఎవరో యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్ లాటిన్-1 అనుకుని మూడు అక్షరాలుగా చదువుతున్నారన్నమాట, ఇది చాలాసార్లు వెనక్కి వస్తుంది, టెన్షన్‌లో అదే చెత్తను మళ్ళీ సేవ్ చేయకపోతే. ప్రశ్నార్థకాలు వస్తేనే నాకు భయం. డేటాబేస్‌లో ఆ పేరును హెక్స్‌లో (బైట్లను అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలతో రాసే తీరు) చూడండి: ఇ0, బి0 లాంటివి ఉంటే పేరు బతికే ఉంది, కనెక్షన్ సెట్టింగ్ సరిచేస్తే చాలు. అన్నీ 3ఎఫ్‌లే, అంటే ప్రశ్నార్థకం బైట్లే, ఉంటే పేరు పోయింది, ఏ ఫాంటూ తేలేదు. ఒక కాలేజీ జాబితాకు ఇలాగే అయితే, పాత దరఖాస్తు కాగితాలు ముందేసుకుని పిల్లల పేర్లన్నీ మళ్ళీ టైపు చేయాల్సి వచ్చింది.

అపోహ: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 పెట్టాం, తెలుగు వస్తోంది, ఇక ఢోకా లేదు.

వాస్తవం: ఆ పేరుతో ఉన్న పాత సెట్టింగ్ 3 బైట్ల దాకే పట్టుకుంటుంది. తెలుగు అందులో సరిపోతుంది కాబట్టే లోపం బయటపడదు. ఎవరైనా 4 బైట్ల దండం ఇమోజీ పెట్టిన రోజు సేవ్ ఆగిపోతుంది, లేదా ఇమోజీ దగ్గరే వాక్యం తెగిపోతుంది. యూటీఎఫ్8ఎంబీ4 వాడండి, టేబుల్‌కూ కనెక్షన్‌కూ రెండింటికీ.

అపోహ: 'కర్నూలు' అంటే మూడక్షరాలే కదా.

వాస్తవం: కంటికి మూడు; గుణింతాలనూ పొల్లునూ విడిగా లెక్కబెట్టే యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే ప్రమాణం) 7; ఒక్కోదానికి 3 చొప్పున బైట్లలో 21. పీహెచ్‌పీ భాషలో పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ బైట్లు లెక్కపెట్టి 21 అంటుంది. 10 బైట్ల దగ్గర కోస్తే చివర్న తర్వాతి అక్షరంలోంచి ఒక్క బైటే మిగులుతుంది.

అపోహ: ప్రత్యేక అక్షరాలన్నీ తీసేస్తే సైట్ భద్రం.

వాస్తవం: ఇది చూస్తే నాకు నిజంగా బాధ. పేరును ఉన్నదున్నట్టు దాచండి, డేటాబేస్ క్వెరీలకు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (డేటాను ఆదేశంలో కలపకుండా విడిగా పంపేవి) వాడండి, పేజీలో చూపించేటప్పుడు ఎస్కేప్ చేయండి (< లాంటి గుర్తులు కోడ్‌గా కాక మామూలు అక్షరాలుగానే కనపడేలా మార్చడం). యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లు 'అక్షరం' వర్గంలో ఉండవు, 'మార్క్' అనే వేరే వర్గంలో ఉంటాయి. అక్షరాలను మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెడితే మన కర్నూలు 'కరనల' అయిపోతుంది. పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను కూడా తీసేస్తే 'రాజ్‌కుమార్' కాస్తా 'రాజ్కుమార్' అవుతాడు.