రిజిస్టరు మూశాక: అంగన్‌వాడీ ముఖ గుర్తింపు గొడవ ఎక్కడ మొదలైంది?

అంగన్‌వాడీల్లో ఇంటికి ఇచ్చే పోషకాహార సరుకుకు (టేక్ హోమ్ రేషన్) ముఖ గుర్తింపు తప్పనిసరి చేయడంపై రగడ మళ్లీ రాజుకుంది. ముఖం కలవలేదని బాలింతను ఉత్తచేతులతో పంపాలా, ఇచ్చేసి లెక్కల్లో ఇరుక్కోవాలా అన్నది టీచర్ల ప్రశ్న. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో పుట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ఈ గొడవకు బీజం మాత్రం 2021 మార్చిలో, రిజిస్టర్ల లెక్కలను ఫోన్లోకి ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌తో పడింది.

అంతకుముందు అంగన్‌వాడీ కేంద్రంలో రాతపని అంతా 11 రిజిస్టర్లలో సాగేది. కుటుంబ వివరాలది ఒకటోది, పిల్లల బరువులది పదకొండోది. భారమే, కాదనలేం. అయితే సెక్టార్ మీటింగ్‌కు టీచర్లు వాటిని చంకన పెట్టుకుని వచ్చేవారు. ఒక సూపర్‌వైజర్ కింద సుమారు పాతిక కేంద్రాలు. చాప మీద పక్కపక్కన కూర్చుని ఒకరి పేజీలోకి ఒకరు తొంగి చూసేవారు. ‘పోయిన నెల 9.2 కిలోలున్న పిల్లాడు ఈ నెల 8.4 ఎట్లా అయ్యాడు? అప్పుడు స్వెటర్ విప్పకుండా తూచావా, కాటా సున్నా చూసుకోలేదా?’ అని అక్కడే తేలిపోయేది. శిక్షణలో చెప్పినదానికి అసలు అర్థం ఆ చాప మీద బోధపడేది.

ఎత్తు సంగతే చూడండి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, దాటినవాళ్లని నిలబెట్టి. రెంటికీ తేడా 0.7 సెంటీమీటరు. చిన్నదాన్ని నిలబెట్టి కొలిచి, ఆ 0.7 కలపడం మరిస్తే, హద్దు గీత మీదున్న బిడ్డ ‘వయసుకు తగ్గ ఎత్తు లేదు’ జాబితాలో పడుతుంది. తప్పు ఎక్కడ దొర్లిందో యాప్ చెప్పదు. పక్క కేంద్రం టీచర్ చెప్పేది. ఫోన్లోకి వెళ్లిన అంకెను ఆమె ఇప్పుడు తొంగి చూడలేదు.

ఆ చాప వాట్సాప్‌లోకి మారింది, అదీ రెండు ముక్కలుగా. అధికారిక గ్రూపులో ‘సాయంత్రంలోగా 100 శాతం’ అన్న ఆదేశాలు. సూపర్‌వైజర్ లేని గ్రూపులో స్క్రీన్‌షాట్లు, వాయిస్ మెసేజ్‌లు. యాప్ ఇంగ్లిష్‌లో ఉందని మహారాష్ట్ర టీచర్ల సంఘం 2021లోనే బాంబే హైకోర్టుకు వెళ్లింది. మన దగ్గర ఏ బటన్ దేనికో ఆ రెండో గ్రూపే తెలుగులో విడమరిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో జీతాలు, గ్రాట్యుటీ వార్తలకెక్కాయి. యాప్‌ల భారం మాట వెనకబడింది.

2025 జూలై 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ముఖ గుర్తింపు తప్పనిసరి అంది. సరుకు అసలు లబ్ధిదారుకే చేరాలన్నది ప్రభుత్వ వాదన.

పని మాత్రం ఇలా సాగుతుంది. ముందు ఆధార్ నంబరు కొట్టాలి, లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, తర్వాత ఫొటో. ఆపైన సరుకిచ్చే ప్రతిసారీ ముఖం కలవాలి. ఆధార్‌కు ఎక్కించిన నంబరు భర్తది, ఆయనేమో హైదరాబాద్‌లో పనిలో. ఫోన్ చేసి ఓటీపీ అడిగేలోగా గడువు అయిపోతుంది. ఆధార్ ఫొటో పెళ్లికి ముందుది, నిండు నెలల్లో ముఖం ఉబ్బి ఉంటుంది. కళ్లార్పమంటే కొందరు గట్టిగా మూసేస్తారు. అందుకు గ్రూపులో తిరిగే చిట్కాలు: గదిలో వద్దు, వరండాలోకి తీసుకురండి, వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు, ముందు భర్తను లైన్లో పెట్టి ఆ తర్వాతే ఓటీపీ నొక్కండి. రాసిపెట్టిన మార్గదర్శకాలకన్నా ఇవే పని జరిపిస్తున్నాయి.

చిట్కాలు పారనిచోటే పేచీ. టీచర్ జాలిపడి ఇచ్చేస్తే సరుకు గదిలో తగ్గుతుంది, యాప్‌లో తగ్గదు. రిజిస్టరు రోజుల్లో అలాంటి ఇల్లాలి చేత సంతకమో వేలిముద్రో వేయించుకునేవారు, పక్కన కారణం ఒక ముక్క రాసేవారు. ఆ ఒక్క గడి మళ్లీ ఇవ్వమనే సంఘాలు అడుగుతున్నాయి.