మెత్తటి ఎలక్ట్రోడ్ వస్తుందని పిల్లల ఆపరేషన్ ఆపకండి

పోయిన నెల పరకాల నుంచి మా దూరపు చుట్టం ఒకాయన పాపను ఎత్తుకుని హన్మకొండలో మా ల్యాబ్ దాకా వచ్చాడు. పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు. పుట్టుకతోనే వినపడదని బెరా అనే వినికిడి పరీక్షలో తేలింది, కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో ఆపరేషన్ చేసి పెట్టే, కరెంటుతో వినిపించే పరికరం) పెట్టించమని డాక్టర్లు చెప్పారు. ఆయన అడిగింది ఒక్కటే: "తమ్మీ, కరెంటు పెడితే మెత్తగయ్యే ప్లాస్టిక్ మీద పని చేస్తున్నవట గదా. అది వచ్చేదాక ఆగమంటున్నరు మావోళ్లు. ఇప్పటిది ఇనుపదట, పిల్ల మెదడుకు గుచ్చుకుంటదట."

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో ఆయన నాలుగో మనిషి. ఎవరో సగం విని వీడియో చేస్తారు, అది ఫోన్ల నిండా తిరుగుతుంది, టెన్షన్ మాత్రం ఇట్లాంటి తల్లిదండ్రులకు.

ఆగకండి. కాక్లియర్ ఇంప్లాంట్ తీగ ఇనుపది కాదు, మెదడులోకి పోదు. కరెంటు అందించే సన్నటి ప్లాటినం ముక్కలను, అంటే ఎలక్ట్రోడ్లను, సిలికాన్ రబ్బరులో పొదిగి, లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగంలోని ద్రవంలోకి పంపుతారు. గట్టి లోహం రాసుకుని కణజాలం మచ్చకడుతుందని మేము బాధపడేది ముఖ్యంగా మెదడులో గుచ్చే ఎలక్ట్రోడ్ల గురించి. అక్కడ ఆ బాధ నిజమే, ప్లాటినం మెదడు కన్నా పది కోట్ల రెట్లకు పైనే గట్టిది. దాన్ని తెచ్చి చెవికి అంటగట్టొద్దు.

షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అనే శాస్త్రవేత్తలు కరెంటు పారే ప్లాస్టిక్‌ను చూపించింది 1977లో, దానికి 2000లో నోబెల్ వచ్చింది. మెల్‌బోర్న్‌లో డాక్టర్ గ్రేమ్ క్లార్క్ బృందం మల్టీఛానల్ (చాలా ఎలక్ట్రోడ్లున్న) కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టింది 1978లో. ఏడాది తేడా అంతే, కానీ ఇంప్లాంట్ ఇవాళ లక్షల మంది చెవుల్లో పనిచేస్తోంది, కరెంటుతో ప్లాస్టిక్ మెత్తదనం మార్చే మా పని ఇంకా ల్యాబ్ గిన్నెల్లోనే ఉంది. మాట నేర్చుకునే వయసు మా పేపర్ల కోసం ఆగదు.

ఇక పాలిమర్ (ప్లాస్టిక్ జాతి పదార్థం) అంటేనే మెత్తగా ఉంటుందనుకోవడం ఇంకో అపోహ. మేము రోజూ వాడే కరెంటు పారే ప్లాస్టిక్ పేరు పెడాట్ పీఎస్ఎస్, దాని పొర ఎండితే గట్టిదనం గిగాపాస్కల్ లెక్కలో ఉంటుంది, అంటే మెదడు కన్నా పది లక్షల రెట్లు గట్టి. తడిస్తే చాలా మెత్తబడుతుంది గానీ నీళ్లలో చెదిరిపోకుండా క్రాస్‌లింకర్ (పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసే రసాయనం) కలపాలి, అది కలిపితే మళ్లీ కొంత గట్టిపడుతుంది.

కరెంటు వేడికి కరిగి మెత్తబడుతుందా అని బీటెక్ పిల్లలు కూడా అడుగుతారు. వేడి కాదు, నీళ్లు. బంగారం పూత మీద మైక్రాన్ మందం కూడా లేని పొర, పైన ఉప్పునీటి చుక్క. మైనస్ వోల్టేజీ పెట్టగానే లేత నీలం పొర మీ కళ్లముందే ముదురు నీలమవుతుంది. సోడియం అయాన్లు లోపలికి పోతూ నీళ్లను వెంట తీసుకుపోతాయి, పొర నానిన శనగల్లా ఉబ్బుతుంది, మెత్తదనం కొలిచే ఏఎఫ్ఎం మైక్రోస్కోపు సూది ఇంకొంచెం లోతుకు దిగుతుంది. వోల్టేజీ తిప్పితే అయాన్లు బయటికి వస్తాయి, పొర బిగుస్తుంది. శనగలు అట్లా వెనక్కి రావు, ఇది వస్తుంది, నన్ను ఈ పనిలో కట్టిపడేసింది అదే.

షాక్ కొట్టదా అంటే, పెట్టేది ఒక వోల్టు లోపే, రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్ కన్నా తక్కువ. ఎంత మెత్తగుంటే అంత మంచిదా అంటే, కాదు, ఉడికిన సేమ్యాను ఎక్కడ గుచ్చగలం? లోపలికి పోయేటప్పుడు గట్టిగా, పోయాక మెత్తగా ఉండాలనే కదా ఈ తిప్పలన్నీ. పైగా ఎక్కువ ఉబ్బితే బంగారం మీద పట్టు వదిలేస్తుంది, మొన్న వారం మొత్తం చేసిన పొర పాల మీద మీగడలా లేచొచ్చింది. అట్లాంటిదాన్ని నమ్ముకుని ఒక పాపను ఆపమని నేనెట్లా చెప్తాను?

ఆయనకు ఇదే చెప్పాను. పొర గురించి ఎంతసేపైనా నన్ను అడుగు, పాప గురించి మాత్రం బెరా రిపోర్టు పట్టుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే పో అన్నాను.